కుటుంబ ప్రార్థనకు వేళ లేదా?

ఈ పత్రిక సమస్త మతములకు చెందిన తెలుగు కుటుంబములది. పాఠశాలలలో తెలుగు బోధన, అల్పసంఖ్యాక భాషలవారి హక్కులు, యువకుల చదువులు, ఉద్యోగములు, ఇవి మేము సామాన్యముగా వ్రాయు విషయములు. ఈ వారము మనలోని క్రైస్తవ కుటుంబములను ప్రత్యేకముగా నుద్దేశించి నాలుగు మాటలు వ్రాయదలచితిమి. ఇతర పాఠకులు ఇది తమది కాని విషయమని పుట త్రిప్పివేయవలదని మనవి. సంధ్యవేళ ఇంటిలో జరుగునది పూజయైనను, నమాజైనను, ప్రార్థనయైనను, నేడు అన్నిటికిని వచ్చిన కష్టము ఇంచుమించుగా ఒక్కటియే.

చెన్నపట్టణమునందును, బెంగుళూరునందును, బరంపురమునందును, యానామునందును తరతరములుగా స్థిరపడిన తెలుగు క్రైస్తవులలో ఒక మాట తరచుగా వినవచ్చుచున్నది. కుటుంబ ప్రార్థన పోయినదని. పెద్దలు దీనిని నిట్టూర్చి చెప్పుదురు. పిన్నలు చిన్నగా నవ్వి ఊరకుందురు. మాట నిజమే. కాని దానికి చెప్పబడుచున్న కారణములు మాకు సరియైనవిగా తోచలేదు. తీరిక లేదందురు. పిల్లలకు తెలుగు రాదందురు. ఇవి రెండును నిజమైన చిక్కులే గాని మూలకారణములు కావు. ఇంటిలో విశ్వాసమునకు చెందవలసిన మొదటి స్థానము మరియొకదానికి చెందినది. ఆ సంగతి ఒప్పుకొనుట కష్టము గనుక దానికి తీరిక లేకపోవుట యని పేరు పెట్టుచున్నారు.

ఆ ప్రార్థన ఎట్లుండెడిదో ఎరుగని పడుచువారి కొరకు కొంచెము చెప్పవలెను. రాత్రి భోజనమునకు ముందో, తరువాతనో, ఇంటివారందరును చాప పరచుకొని కూర్చుండెడివారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో నుండి ఒక కీర్తన పాడెడివారు. బైబిలులో నుండి ఒక భాగమును సాధారణముగా బడికి పోవు పిల్లవానిచేత చదివించెడివారు. తప్పు చదివినచో తాతగారు దిద్దెడివారు. పిమ్మట ఇంటి పెద్ద ప్రార్థన. చివర అందరును కలిసి ప్రభువు ప్రార్థన. అక్షరము రాని అవ్వలకు పదుల కొలది కీర్తనలు చరణములతో సహా నోటికి వచ్చెడివి. కాథలిక్కుల యిండ్లలో దీనికి మారుగా జపమాల. మోకాళ్లమీద నుండగానే కునికిపాట్లు పడు తమ్ముని అక్క గిల్లి లేపుటయు ఆ యాచారములో ఒక భాగమే.

ఆ కాలమంతయు బంగారు కాలమని మేము చెప్పబోము. దేవునికి విన్నవించు నెపముతో కోడలికి చెప్పదలచినవన్నియు చెప్పి ముగించు మామగారి ప్రార్థనలు కొన్ని యిండ్లలో ఉండెడివి. పక్కయింటివారికి వినబడుట కొరకే గొంతు హెచ్చించిన ప్రార్థనలును ఉండెడివి. అట్టివి విని పెరిగిన పిల్లలు ప్రార్థన యనగానే పారిపోయినచో తప్పు వారిదొక్కరిదే కాదు. అయినను ఆ యాచారమువలన ఒక గొప్ప మేలుండెను. దినములో ఒక్కసారియైనను ఇంటివారందరు ఒకరి మొగము నొకరు చూచుకొనుచు, తమ యందరికంటెను పెద్దవాని యెదుట కూర్చుండెడివారు. ఇంటిలో అందరిచేత మాట వినిపించుకొను తండ్రియు అక్కడ తల వంచవలసినదే. పిల్లవాడు తండ్రి తల వంచుట కన్నులార చూచెడివాడు. ఆదివారపు బడిలో ఏ ఉపాధ్యాయురాలును దీనిని నేర్పజాలదు.

ఇక తీరిక మాట. పట్టణములో బ్రతుకు కఠినమైనదని మేము ఎరుగుదుము. తండ్రి ఒక వేళకు, తల్లి ఒక వేళకు ఇల్లు చేరుదురు. బస్సులలోను రైళ్లలోను గంటలు పోవును. అయినను మన పూర్వులు అంతకంటె తీరికగా బ్రతికిరా? కోలారు బంగారు గనులలో మూడు షిఫ్టులలో పని జరుగుచున్న దినములలో, 2001లో ఆ గనులు మూతపడువరకును, కార్మికుల లైనులలోని యిండ్లలో రాత్రివేళ తెలుగు కీర్తనలు, తమిళ కీర్తనలు పక్కపక్కన వినబడుచునే యుండెను. పది నిమిషములు దొరకని దినము ఉండవచ్చును. పది నిమిషములు దొరకని సంవత్సరము ఉండదు.

పైగా ఈనాడు భక్తికి కొరతయున్నట్లు పైకి కనబడదు. తెల్లవారకమునుపే బంధువుల వాట్సాపు కూటములోనికి గులాబిపూల బొమ్మతో ఒక వాక్యము వచ్చి పడును. ఇరువదిమంది దానికి ఆమేన్ అని బదులిత్తురు. టెలివిజనులోను, సెల్‌ఫోనులోను రాత్రింబగళ్లు ప్రసంగములు మ్రోగుచునే యుండును. వంట చేయుచు వినవచ్చును. ప్రయాణము చేయుచు వినవచ్చును. వినుట మంచిదే. కాని ఆమేన్ అనిన ఆ యిరువదిమందిలో ఎందరు ఆ దినమున తమ భార్యతోనో, భర్తతోనో, బిడ్డలతోనో కలిసి మోకరించిరి? పంపిన వాక్యము పంపినవానిని ఏమియు అడుగదు. ఎదుట కూర్చున్న బిడ్డ అడుగును. అందుచేతనే మొదటిది సులభము, రెండవది కష్టము.

ఆదివారము సంగతి ఇంకను స్పష్టముగా చెప్పవలసియున్నది. బిడ్డ పదవ తరగతికి వచ్చునప్పటికి మొదట పోవునది ఆదివారపు ఆరాధన. "ఈ ఒక్క యేడాదే కదండీ" అని తల్లులు పాస్టరుగారితో అందురు. పిమ్మట పన్నెండవ తరగతి. పిమ్మట వైద్య, ఇంజనీరింగు ప్రవేశ పరీక్షల శిక్షణ. ఆదివారము ఉదయముననే తరగతులు పెట్టు శిక్షణాలయములు అన్ని పట్టణములలోను కలవు. చదువు దేవుడిచ్చిన వరమే. దానిని చిన్నచూపు చూడుమని మేము చెప్పుట లేదు. పేదరికములో నుండి చదువుచేతనే పైకి వచ్చిన సమాజము మనది. మేము అడుగునది వేరు. ఆరాధన మానుటకు ఎన్నడును వెనుకాడని యింటిలో శిక్షణ తరగతి ఒక్క పూట మానుటకు ఎంత కలవరము! పదునైదేండ్ల బిడ్డకు ఈ లెక్క బాగుగనే తెలియును. ఆ యింటిలో నిజముగా దేనిని కొలుచుచున్నారో వానికి ఎవరును ప్రసంగము చేసి చెప్పనక్కరలేదు.

ఈ సందర్భమున ఒంగోలు చరిత్రను జ్ఞప్తికి తెచ్చుట అవసరము. చెన్నపట్టణములోను, ఇతర పట్టణములలోను ఉన్న తెలుగు బాప్తిస్టు కుటుంబములలో అనేకుల మూలములు నెల్లూరు, ఒంగోలు ప్రాంతములవే. 1860ల చివర అచ్చట క్రైస్తవులైన మాదిగ కుటుంబములవారు పెట్టుకొనిన కట్టుబాట్లలో ఒకటి, ఆదివారము పని చేయకుండుట. ఆనాటి కూలి ఆనాటికే చాలని బ్రతుకులు వారివి. ఊరిపెద్దలు పిలిచినప్పుడు పోవలసినదేగాని రామనుట వారి వశములో లేదు. అట్టివారు వారమునకు ఒక దినము దేవునిదని చెప్పి నిలిచిరి. అందుకు తగిన కష్టములును పడిరి. వారికి ఆదివారము సెలవుదినము కాదు. అది వారి విశ్వాసమునకు పెట్టబడిన మొదటి పరీక్ష.

రెండవ పరీక్ష 1876లో మొదలై 1878 వరకును సాగిన మహా కరవులో వచ్చెను. అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని, ఆకలితో నున్న వేలమందికి పని కల్పించెను. ఆ కాలమున బాప్తిస్మము కోరి వచ్చినవారు అనేకులు. ఆయన ఇయ్యలేదు. గింజల కొరకు వచ్చినవారెవరో, దేవుని కొరకు వచ్చినవారెవరో తేలవలెనని, కరవు సహాయము ముగియువరకు ఆపివేసెను. సహాయము నిలిచిపోయిన పిమ్మటను జనులు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మన సంఘములలో గర్వముగా చెప్పుకొందురు. సంఖ్యకంటె దానికి ముందు గడచిన నిరీక్షణ కాలము గొప్పదని మా యభిప్రాయము. ఏమియు దొరకని దినమునకూడ వచ్చుచున్నారా అను ప్రశ్న అది. చెన్నపట్టణమున నేడు మురికితో నిండి పారుచున్న ఆ కాలువ వంతెన దాటి ఆరాధనకు పోవువారు ఆ ప్రశ్నను ఒకసారి తమ యింటికి వేసికొనవచ్చును. సంఘపు పాఠశాలలో సీటు, ఆసుపత్రిలో ఉద్యోగము, కమిటీలో పదవి, వీనిలో ఏదియు లేకున్నను ఆ యింట బైబిలు తెరువబడునా?

ఇచ్చట ఒక కఠినమైన విషయమును దాటిపోవుట న్యాయము కాదు. షెడ్యూల్డు కులములను గూర్చిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మొదట హిందువులకును, 1956 నుండి సిక్కులకును, 1990 నుండి బౌద్ధులకును వర్తించుచున్నది; క్రైస్తవులకు వర్తించుట లేదు. అందువలన కాగితముమీద ఒకటియు, ఇంటిలో ఒకటియునై జీవించు కుటుంబములు కలవు. ఆ కుటుంబములను నిందించుటకు మాకు మనసొప్పదు. కులము పెట్టు బాధ మతము మారగానే మానిపోలేదని ఎరిగియు చట్టము వారిని ఈ సంకటములో నిలిపినది. అయితే ఇంటిలోని పిల్లవాడు "మనమెవరము?" అని అడిగినప్పుడు కసరి కూర్చుండబెట్టక, జరిగినది జరిగినట్లు చెప్పుట మేలు. ప్రార్థన చాప మీద ఆ మాట చెప్పలేనిచో మరెచ్చట చెప్పగలరు?

భాష విషయమునకు వత్తము. మన సంఘపు సభలలో, తెలుగు చర్చి తెలుగు భాషకు కోట యని ప్రసంగించుట పరిపాటి. కొంతవరకు నిజమే. తెలుగు బడి మూతపడిన పేటలలో కూడ తెలుగు ఆరాధన నిలిచియున్నది. బెంజమిన్ షుల్జ్ అను జర్మను మిషనరీ 1720ల చివర క్రొత్త నిబంధనను తెలుగు చేసినది చెన్నపట్టణములోనే. ఆ ప్రతి అచ్చుకాకపోయినను ఆ పని మన నడుమనే జరిగినది. నేటికిని మన కీర్తనల పుస్తకములో అధికముగా పాడబడు కీర్తనలను రచించిన పురుషోత్తమ చౌదరిగారు 1803లో జన్మించినవారు. గంజాము సీమకు చెందిన బెంగాలీ కుటుంబమువారు. తెలుగు వారి యింటి భాష కాకపోయినను, ఎదుటివారి హృదయమునకు చేరు భాష యని దానిని చేపట్టిరి.

దీనిలో మనకొక పాఠమున్నది. అది మన సభలలో చెప్పుదానికి కొంచెము భిన్నమైనది. భాష విశ్వాసమునకు సేవకురాలు. తెలుగు నిలుచుట కొరకు ఆరాధనకు పోవుట, దేవుని గుడిని భాషాసంఘపు కార్యాలయముగా మార్చుట యగును. భాషాసంఘపు పత్రికయే ఇట్లు వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. తోచినను వ్రాయక తప్పదు. బిడ్డకు అర్థము కాని తెలుగులో అరగంట ప్రార్థించి, బిడ్డ తెలుగు నేర్చుకొనుచున్నాడని సంతోషించుట రెంటికిని చెరుపు. వాడు తెలుగును ద్వేషించును. ప్రార్థనను అంతకంటె ద్వేషించును.

మరి ఏమి చేయవలెను? అపొస్తలుల కార్యములలో తిమోతి యింటిని చూడుడు. తల్లి యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు. వారు లుస్త్ర పట్టణ ప్రాంతమువారు. ఆ పట్టణపు జనులు లుకయొనియ భాషలో కేకలు వేసిరని అదే గ్రంథము చెప్పుచున్నది. వీధిలో ఒక భాష, తండ్రి వైపున ఒక భాష, అవ్వ లేఖనములకు మరియొక మూలభాష. మన హోసూరు, బళ్లారి, పర్లాకిమిడి యిండ్లవంటిదే ఆ యిల్లు. అయినను విశ్వాసము మొదట అవ్వయైన లోయిలోను, తల్లియైన యునీకేలోను ఉండి, పిమ్మట బిడ్డకు వచ్చినదని పౌలు జ్ఞాపకము చేసెను. ఆ స్త్రీలు ఏ భాషలో నేర్పిరో వ్రాయబడలేదు. పసితనము నుండియే నేర్పిరని మాత్రము వ్రాయబడినది.

కాబట్టి బిడ్డ ఏ లిపి చదువగలడో ఆ లిపిలోని బైబిలునే వానిచేత చదివింపుడు. కన్నడమైనను సరే, తమిళమైనను సరే, ఒడియా యైనను, ఇంగ్లీషైనను సరే. అదే భాగమును అవ్వ తెలుగులో చదువవలెను, లేక నోటికి వచ్చినంత చెప్పవలెను. మన తెలుగు బైబిలు పాతకాలపు తెలుగులో నున్నది. పెద్దలకే కొన్ని మాటలు తట్టవు. దినమునకు ఒక్క మాట తీసికొని విప్పి చెప్పుకొనుట చాలును. మారుమనస్సు అను మాటను చూడుడు. మనసు మారుట అని బిడ్డకు ఒక్క నిమిషములో తెలియును. ఇంగ్లీషులో దానికి సమానమైన పదమును బడిలో వల్లించినవానికి కూడ అంత సూటిగా తెలియదు. కీర్తన మాత్రము తెలుగులోనే ఉండవలెనని మా కోరిక. అర్థము తెలియకమునుపే రాగము మనసులో నాటుకొనును; ఇరువది యేండ్ల తరువాత ఏదో ఒక కష్టదినమున అర్థము దానియంతట అదే తెలియును. బిడ్డలు తెలుగు కీర్తనలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనుట చూచి కొందరు పెద్దలు చికాకు పడుచున్నారు. పడనక్కరలేదు. పాడుటయే ముఖ్యము.

ఇంతవరకు చెప్పినది వేళను గూర్చియు, భాషను గూర్చియు. ఈ రెండును కుదిరినను ప్రార్థన అబద్ధము కావచ్చును. బలిపీఠమునొద్ద అర్పణము నుంచి, సహోదరునితో సమాధానపడుటకు మొదట వెళ్లవలెనని కొండమీది ప్రసంగములో ప్రభువు ఆజ్ఞాపించెను. మన కుటుంబములలో ఎన్నింటికి స్వగ్రామములో తాతలనాటి ఇంటిస్థలములు, రెండెకరముల వాటాలు ఇంకను ఉన్నవి! వానిని గూర్చి అన్నదమ్ములు పదేండ్లుగా మాటలాడుకొనరు. ఇద్దరును వేరువేరు పట్టణములలో ప్రతి రాత్రియు ప్రార్థించుచునే యుందురు. ఆ ప్రార్థనలు ఎచ్చటికి చేరుచున్నవి? చాప మీదనుండి లేచి పనిమనిషిని సెలవు పెట్టినందుకు జీతము కోయుటయు, అద్దెకున్నవానికి అడ్వాన్సు తిరిగి ఇయ్యక త్రిప్పుటయు ఇట్టివే. బిడ్డలు ఇవియన్నియు చూచుచునే యుందురు.

అన్నిటికంటె పెద్ద అబద్ధము పెండ్లి సంబంధములలో నున్నది. ప్రధానము దినమున పాస్టరుగారు వచ్చి, వధూవరులకు బైబిలులు ఇచ్చి, దేవుడే జతపరచెనని ప్రార్థింతురు. పక్క గదిలో ఇంత రొక్కము, ఇంత బంగారము, ఒక కారు అని అంతకు ముందే తీరుమానమైయుండును. దానిని కట్నమనక కానుక యందురు. ఆ మాట మనము దేవాలయములో సంచిలో వేయు కానుకది! 1961 నుండి కట్నము చట్టరీత్యా నేరము. చట్టము లేకున్నను క్రైస్తవునికి అది నేరమే. ఇక సంబంధము చూచుటకు మొదట అడుగునది సంఘము కాదు, విశ్వాసము కాదు, మారుమనస్సు అసలే కాదు; పూర్వపు కులము. మూడు తరములకు ముందు నదిలో మునిగి లేచినప్పుడు విడిచితిమని చెప్పుకొను దానిని పెండ్లినాడు వెదకి తెచ్చుకొనుచున్నారు. ప్రతి రాత్రియు ప్రార్థన జరుగు ఇంటిలో ఈ బేరము జరిగినచో, ఆ ప్రార్థన విని పెరిగిన కుమారునికి దానిపై ఎట్టి గౌరవము మిగులును? ఆ కుమారుడు తానే నోరు తెరచి, నాకు కట్నము వద్దనినచో, ఆ యింటి చాప వృథాగా పరువలేదని మేము నమ్ముదుము. అట్లనిన యువకులు మన నడుమ కలరు. కొలదిమందియే గాని కలరు.

కొందరు ఆక్షేపింతురు. గదిలోనికి వెళ్లి తలుపు వేసికొని రహస్యముగా ప్రార్థింపుమని ప్రభువు చెప్పలేదా, ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టుట వేషధారణ కాదా యని. ప్రభువు ఖండించినది వీధి మూలలలో నిలిచి మనుష్యులకు కనబడుటకు చేయు ప్రార్థనను. ఇంటివారియెదుట చేయు ప్రార్థనలో వేషము చాల కష్టము. వారికి మన సంగతి పూర్తిగా తెలియును. మరికొందరు, ఎదిగిన బిడ్డలను బలవంతము చేయరాదందురు. ఇందులో న్యాయమున్నది. ఇరువదియేండ్లవాడు రానన్నచో తలుపు తట్టి గొడవ చేయవలదు. వాడు లేకుండ జరుపుడు; వాని పేరు మాత్రము విడువవలదు. ప్రశ్నలు వేయు బిడ్డను చూచి భయపడవలదు. అడుగక మౌనముగా తప్పించుకొనువాడే దూరమైనవాడు.

భార్యాభర్తలలో ఒకరు అన్యమతస్థులైన ఇండ్లును మనలో తక్కువ కాదు. అచ్చట బలవంతము అసలే పనికిరాదు. ఒక్కరు రెండు నిమిషములు కూర్చున్నను ఇల్లు దానిని గుర్తించును.

మా సూచన ఒకటి కలదు. శ్రమకాలపు నలువది దినములలో చాల సంఘములు ఇంటింట కూటములు జరుపుచున్నవి. కూటమునకు టీ, పలహారము, కుర్చీలు, మైకు అని ఖర్చు పెరిగి, బీద కుటుంబములు తమ యింటికి రావలదని చెప్పు స్థితి కొన్నిచోట్ల వచ్చినది. ఆ ఖర్చు తగ్గించి, దానితో ప్రతి యింటికిని ఒక చిన్న పత్రము అచ్చు వేసి యిచ్చిన బాగుండును. దినమునకు ఒక బైబిలు భాగపు సూచన, ఒక కీర్తన పల్లవి, విప్పి చెప్పుకొనవలసిన ఒక మాట. తెలుగు లిపిలో ఒక వరుస. దాని క్రింద ఆ యూరి భాష లిపిలో ఒక వరుస. అవ్వయు మనుమరాలును ఒకే కాగితము చూచి పాడవచ్చును. ఇట్టి పత్రము ఇదివరకే తయారుచేసికొనిన సంఘములు ఉన్నచో ఒక ప్రతిని మాకు పంపవలెనని ప్రార్థన. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ లిపులలో ఏది వచ్చినను, ఇతర పట్టణములవారికి ఉపయోగపడునట్లు వచ్చు సంచికలలో వరుసగా ప్రకటింతుము.